రన్ డి.ఎం.సి. రైజింగ్ హెల్ ఎల్.పి.: రాక్ లోంచి వీళ్ళు పట్టుకెళ్ళింది గిటార్ కాదు

జెర్సీ సిటీలో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పాత రికార్డుల షాపు ఉంది, పోయిన నెల అక్కడ రన్ డి.ఎం.సి. అనే రాప్ గ్రూప్ వాళ్ళ రైజింగ్ హెల్ ఎల్.పి. దొరికింది, కొత్తగా మళ్ళీ వేసింది కాదు, 1986లో ప్రొఫైల్ రికార్డ్స్ వాళ్ళు వేసిన అప్పటి కాపీనే, 24 డాలర్లు. కవర్ అంచులు అరిగిపోయాయి, వెనకాల ఎవరో పెన్నుతో ఏదో రాసుకున్నారు, ప్లేట్ మాత్రం శుభ్రంగా ఉంది, షాపాయన లైట్ కింద అటూ ఇటూ తిప్పి చూపించి మరీ ఇచ్చాడు. అంతకుముందు ఇదే ఆల్బమ్ ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తెప్పిస్తే వంగిపోయిన ప్లేట్ వచ్చింది, సూది పడవలాగా పైకీ కిందకీ ఊగుతా ఉంది, పాట ఒక చోట సాగుతుంది ఒక చోట పరిగెడుతుంది, వెనక్కి పంపేశా. పాత వినైల్ కొనాలనుకుంటే కంటితో చూసి కొనుక్కోండి, ఫోటోలు నమ్మొద్దు.

ఇంత పొడుగు రివ్యూ రాయడానికి కారణం మా బావ. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాలేజీ బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడు, ఎయిరోస్మిత్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ అంటే ప్రాణం, ఇప్పటికీ శనివారం పొద్దున్న మా అక్క కూరగాయలకి వెళ్తే చాలు గిటార్ తీసి కూర్చుంటాడు. రాప్ అంటే మాత్రం పడదు. "వాళ్ళు కష్టపడి వాయించింది వీళ్ళు ఎత్తుకొచ్చి దాని మీద మాటలు చెప్తారు, అందులో వీళ్ళ పనేముందిరా" అంటాడు. ఈ మాట నేను పదేళ్ళ నుంచీ వింటున్నా, నోటితో ఎన్ని సార్లు చెప్పినా లాభం లేదని ఈసారి రికార్డే పట్టుకెళ్ళా.

తెలియని వాళ్ళకి ముందు కొంచెం చెప్తా. రన్ అంటే జోసెఫ్ సిమన్స్, డి.ఎం.సి. అంటే డారిల్ మక్‌డానియల్స్, రికార్డులు తిప్పేది జామ్ మాస్టర్ జే అంటే జేసన్ మిజెల్, ముగ్గురూ న్యూయార్క్ క్వీన్స్‌లో హాలిస్ అనే పేట కుర్రాళ్ళు. రైజింగ్ హెల్ వీళ్ళ మూడో ఆల్బమ్, 1986 మే నెలలో వచ్చింది, ప్రొడ్యూసర్లు రన్ వాళ్ళన్నయ్య రస్సెల్ సిమన్స్, రిక్ రూబిన్. ఒక్క అమెరికాలోనే ఏడాదిలో 30 లక్షలు దాటింది, అంతవరకు రాప్ ఆల్బమ్ ఏదీ ఆ లెక్కకి రాలేదు. దీన్ని అంత దూరం తీసుకెళ్ళింది మొదటి వైపు నాలుగో పాట, వాక్ దిస్ వే, ఎయిరోస్మిత్ 1975లో చేసిన పాటనే ఎయిరోస్మిత్ వాళ్ళతోనే కలిసి మళ్ళీ చేశారు. ఒరిజినల్ 1977లో బిల్‌బోర్డ్ పాటల చార్ట్‌లో పదో స్థానం దాకా వెళ్ళింది, ఇది నాలుగు దాకా వెళ్ళింది.

ఐతే అసలు కథ ఆ రికార్డింగ్ కంటే చాలా ముందు మొదలైంది. 1973లో బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే పార్టీల్లో గమనించింది ఏంటంటే, జనం పాట మొత్తానికీ ఊగట్లేదు, పాట మధ్యలో అన్నీ ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మిగిలే ఆ కొన్ని సెకన్ల కోసం కాచుకుని ఉంటున్నారు, ఆ ముక్కనే బ్రేక్ అంటారు. మన దగ్గర బరాత్‌లో చూడండి, బ్యాండ్ వాళ్ళు సినిమా పాట వాయిస్తున్నంత సేపూ మామూలుగా నడుస్తారు, తీన్మార్ దెబ్బ పడగానే పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ అంతా మీద పడిపోతారు, ఆ దెబ్బే మళ్ళీ కొట్టమని డబ్బులిస్తారు. హెర్క్ చేసింది అదే, కాకపోతే డప్పు బదులు రికార్డు. ఒకే రికార్డు రెండు కాపీలు కొని రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఇటు బ్రేక్ అయిపోయే లోపల అటుదాన్ని మొదటికి తెచ్చి అందుకోవడం, ఇటు అటు ఇటు అటు, పది సెకన్ల ముక్క పది నిమిషాలు నడుస్తుంది. పాత రికార్డు ముక్క కోసి కొత్త పాటలో వాడుకోవడాన్ని సాంప్లింగ్ అంటారు, ఆ పదం, మెషిన్లు అన్నీ తర్వాత సంగతి, పని మాత్రం ఇదే.

ఆ బ్రేకుల వేటలో డీజేలకి ఫంక్, సోల్ లాంటి నల్లజాతి సంగీతమే కావాలని పట్టింపు లేదు, డ్రమ్ము బాగుంటే చాలు ఎవరిదైనా తెచ్చేవాళ్ళు. మౌంటెన్ బ్యాండ్ లాంగ్ రెడ్, బిల్లీ స్క్వయర్ 1980లో చేసిన ది బిగ్ బీట్, మంకీస్ వాళ్ళ మేరీ మేరీ, ఇవన్నీ తెల్లవాళ్ళ రాక్ రికార్డులే, వీటికి గిరాకీ ఆ డ్రమ్ముల వల్లే. పైగా పక్క డీజే చూసి అదే రికార్డు కొనేస్తాడని లేబుల్ నీళ్ళలో నానబెట్టి పీకేసేవాళ్ళు. దానివల్ల ఏమైంది, పాటలు అందరికీ తెలుసు, పేర్లు ఎవరికీ తెలీవు. రన్, డి.ఎం.సి. ఇద్దరికీ ఎయిరోస్మిత్ అనే పేరే తెలియదు, ఆల్బమ్ పేరు టాయ్స్ ఇన్ ది ఆటిక్ కదా, అదే బ్యాండ్ పేరనుకున్నారు. అందులో నాలుగో పాట మొదట్లో రెండు బార్లు, అంటే రెండు తాళావర్తాలు, వట్టి డ్రమ్స్ ఉంటాయి, ఆ తర్వాత గిటార్ అందుకుంటుంది, జే ఆ ముక్కని తిప్పుతుంటే వీళ్ళు దాని మీద రాప్ చేసేవాళ్ళు, పాడేవాడి గొంతు వచ్చే లోపలే జే వెనక్కి లాగేసేవాడు. అలా ఏళ్ళ తరబడి ఆ పాట మీద రాప్ చేసి కూడా ఆ పాట ఎలా ఉంటుందో వీళ్ళు విననే లేదు! టాయ్స్ ఇన్ ది ఆటిక్‌లో అది నాలుగో పాట, రైజింగ్ హెల్‌లోనూ నాలుగో పాటే, రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక్కసారి ఒళ్ళు జలదరించింది నాకు.

మొత్తం పాట చేద్దాం, వాళ్ళ సాహిత్యంతో సహా, వాళ్ళనే పిలుద్దాం అన్నది రిక్ రూబిన్. కుర్రాళ్ళకి ఆ మాటలు అస్సలు నచ్చలేదు, ఇదేం పాట అని తిట్టుకున్నారు, రస్సెల్, రూబిన్, జే వెంటపడితే గానీ లైన్లోకి రాలేదు. 1986 మార్చిలో ఎయిరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ న్యూయార్క్ వచ్చి స్టూడియోలో కూర్చున్నారు. అప్పటికి ఎయిరోస్మిత్ పరిస్థితి ఏం బాగాలేదు, పెర్రీ 1979లో వెళ్ళిపోయి 1984లో తిరిగొచ్చాడు, 1985లో వేసిన ఆల్బమ్ సరిగ్గా ఆడలేదు. ఈ పాట తర్వాతే వాళ్ళు మళ్ళీ లేచారు. అంటే ఎవరు ఎవరికి మేలు చేశారు అనేది ఎత్తుకొచ్చారు అన్నంత తేలిక కాదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తా. సూది నాలుగో పాట మీద పెట్టా. బావ కళ్ళు మూసుకుని గిటార్ కోసం వింటున్నాడు, మొహంలో సంతోషం తెలుస్తూనే ఉంది ఎందుకంటే వాయిస్తున్నది నిజంగా పెర్రీనే కదా. "చూశావా, పాటని మోస్తున్నది గిటారేరా" అన్నాడు. నేను వాల్యూం తగ్గించి, "బావా, ఇప్పుడు గిటార్ వినకు, కింద ఏం నడుస్తుందో ఒక్కటే విను" అన్నా. మళ్ళీ పెట్టా. డ్రమ్ము. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము, కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ము, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోనే రన్, డి.ఎం.సి. మాటలు పడతాయి, ఒకడు లైను మొదలుపెడితే ఇంకోడు చివరి మాట మీద గుద్దుతాడు, ఇద్దరి గొంతులూ స్నేర్ మీదే కలుస్తాయి. టైలర్ ఒరిజినల్‌లో ఆ మాటల్ని పరిగెత్తిస్తూ జారిస్తూ పాడతాడు, అది కూడా దాదాపు రాప్ లాగే ఉంటుంది, కానీ ఆయన డ్రమ్ము మీద నుంచి జారిపోతుంటే వీళ్ళు డ్రమ్మునే పట్టుకుని వేలాడతారు. నా దృష్టిలో ఈ రెండు వెర్షన్లకీ తేడా అక్కడే ఉంది. గిటార్ వచ్చి కూర్చుంది, స్వాగతం, కానీ గిటార్ లేకపోయినా ఈ పాట వీళ్ళ పార్టీల్లో ఏళ్ళ ముందు నుంచే నడుస్తోంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. టాయ్స్ ఇన్ ది ఆటిక్ రికార్డు మీద ఆ డ్రమ్స్ వాయించింది జోయి క్రేమర్. పాట రాసినవాళ్ళుగా పేర్లున్నది టైలర్, పెర్రీలకే. 1986 వీడియో గుర్తుందా, పక్కపక్క గదుల్లో రెండు బ్యాండ్లు, మధ్యలో గోడ, టైలర్ మైక్ స్టాండుతో గోడ బద్దలుకొట్టి తల బయటపెడతాడు. అందులో ఎయిరోస్మిత్ నుంచి ఉన్నది టైలర్, పెర్రీ ఇద్దరే, వెనకాల వాయిస్తున్నట్టు కనపడేవాళ్ళు వేరే వాళ్ళు. అంటే ఏ రెండు బార్ల కోసం హిప్ హాప్, అంటే ఈ రాప్ సంగీతం, ఆ రికార్డు దగ్గరికి వచ్చిందో అవి వాయించినాయన ఆ గోడకి ఇటూ లేడు, అటూ లేడు. జేమ్స్ బ్రౌన్ పాట ఫంకీ డ్రమ్మర్‌లో డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథ కూడా ఇంతే, ఆయన దరువు ఎన్ని వందల పాటల్లో తిరిగిందో, రాసినవాడిగా మాత్రం ఆయన పేరు లేదు. కాపీరైట్‌లో రెండు హక్కులుంటాయి, ఒకటి పాట రాసిన దాని మీద, అంటే మాటలు, ట్యూను, రెండోది ఆ రికార్డింగ్ మీద. రికార్డు లోంచి ముక్క కోస్తే రెండు వైపులా పర్మిషన్ కావాలి, స్టూడియోలో మళ్ళీ వాయించుకుంటే మొదటిది ఒక్కటి చాలు. దరువుని మాత్రం రాతగా ఎవరూ పెద్దగా లెక్కపెట్టరు. బావ అడిగిన దొంగతనం ప్రశ్నకి నా జవాబు ఇదే, ఎవరికి అన్యాయం జరిగింది అని అడిగితే ముందు డ్రమ్మర్ల గురించి అడగాలి, గిటార్ వాళ్ళకి పేరూ వచ్చింది డబ్బూ వచ్చింది.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ చెప్పాలి. అదే ఏడాది నవంబర్‌లో బీస్టీ బాయ్స్ అనే రాప్ గ్రూప్ వాళ్ళ ఆల్బమ్ లైసెన్స్‌డ్ టు ఇల్ వచ్చింది, దానికీ రూబినే ప్రొడ్యూసర్. మొదటి పాట మొదలవగానే పడే ఆ బరువైన డ్రమ్ము లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండ్ పాట వెన్ ది లెవీ బ్రేక్స్ లోది, వాళ్ళ డ్రమ్మర్ జాన్ బోన్హమ్ ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రాంజ్ అనే పాత ఇంట్లో మెట్ల దగ్గర హాల్లో కూర్చుని వాయిస్తే మైకులు పైన మెట్ల మీద నుంచి వేలాడదీశారు, ఆ ఇంటి గాలంతా ఆ శబ్దంలో ఉంటుంది. దాని మీదకి బ్లాక్ సబ్బత్ గిటార్ తెచ్చి పెట్టారు. వెన్ ది లెవీ బ్రేక్స్‌కి రాసినవాళ్ళ పేర్లలో బోన్హమ్ కూడా ఉన్నాడు, మెంఫిస్ మినీ కూడా ఉంది, ఎందుకంటే అది అసలు 1929లో కాన్సస్ జో మెక్కోయ్, మెంఫిస్ మినీ అనే నల్లజాతి దంపతులు చేసిన బ్లూస్, 1927 మిసిసిపీ వరదల మీద. వరదలో ఇళ్ళు పోయిన మనుషుల పాట ఇంగ్లండ్ వెళ్ళి రాక్ అయ్యింది, న్యూయార్క్ తిరిగొచ్చి రాప్ అయ్యింది. ఎవరు ఎవరిది ఎత్తుకొచ్చారు అని మొదలుపెడితే బ్లూస్ దగ్గరికి వెళ్ళకుండా ఆగలేం, బావ ఇష్టపడే రాక్ అంతా ఆ ఇంట్లో పుట్టిందే.

సరే, మళ్ళీ మన ప్లేట్ దగ్గరికి. మొదటి పాట పీటర్ పైపర్, నా లెక్కలో ఆల్బమ్ మొత్తానికీ ఇదే మకుటం. బాబ్ జేమ్స్ 1975లో చేసిన జాజ్ రికార్డు మీది గంటల చప్పుడు తీసుకుని జే చేత్తో ఎలా కోశాడో వినండి, గిటార్ అనేదే లేదు, కానీ ఆ దూకుడు చూస్తే ఏ రాక్ బ్యాండుకీ తీసిపోదు. రెండోది ఇట్స్ ట్రికీ, ది నాక్ అనే రాక్ బ్యాండ్ పాట మై షరోనాలో గిటార్ రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్క, దాని మీద కట్టిన పాట. వాక్ దిస్ వే లో రాక్ పాట మొత్తం దిగింది, ఇందులో మాత్రం ఒక్క చిన్న రిఫ్, అది కూడా డ్రమ్ములాగా వాడారు, టక్ టక్ అని కొట్టి వెళ్ళిపోతుంది, దాని సంగీతం వీళ్ళకి అక్కర్లేదు, దాని దెబ్బ కావాలి. ఈ తీసుకునే పద్ధతే నాకు ఎక్కువ ఇష్టం. పాట వచ్చిన 20 ఏళ్ళకి, 2006లో, నాక్ వాళ్ళు కోర్టుకెళ్ళారు. మూడోది మై అడిడాస్, దాని గురించి చాలామందికి తెలుసు, వదిలేస్తున్నా.

రెండో వైపు కొంచెం నిరాశ. టైటిల్ పాట రైజింగ్ హెల్‌లో గిటార్ రిక్ రూబిన్ స్వయంగా వాయించాడు, హెవీ మెటల్ తరహా, మొదటిసారి వింటే ఊపు వస్తుంది, మూడోసారికి బరువనిపిస్తుంది, గిటార్ పాట మీద కూర్చుంది తప్ప పాటలో కలవలేదు. 1984లో వీళ్ళదే రాక్ బాక్స్ పాటకి ఎడ్డీ మార్టినెజ్ వాయించిన గిటార్ ఇంతకంటే ఎంతో బాగా అతికింది. యూ బి ఇల్లిన్ సరదా పాట, పిల్లలు ఎగురుతారు. డమ్ గర్ల్ నాకు నచ్చదు, ఆడపిల్లని అలా కించపరచడం అప్పుడూ బాగాలేదు, ఇప్పుడు ఇంకా బాగాలేదు, సూది ఎత్తి ముందుకు జరుపుతా. చివరి పాట ప్రౌడ్ టు బి బ్లాక్ కోసమైనా రెండో వైపు వినాలి.

సౌండ్ విషయానికొస్తే నా దగ్గరున్నది మామూలు బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, ఖరీదైన సెటప్ కాదు. అయినా కిక్ డ్రమ్ ఛాతీకి తగులుతుంది, ఫోన్లో ఇయర్‌ఫోన్స్‌తో విన్నప్పుడు గొంతులే ముందుకొచ్చి డ్రమ్ వెనక్కి పోయినట్టుండేది, ఇక్కడ డ్రమ్మే ముందుంది. ఆరేసి పాటలు ఒక్కో వైపు ఉన్నా ఇరుకుగా అనిపించలేదు. నా కాపీలో మై అడిడాస్ దగ్గర చిటపటలు ఉన్నాయి, రెండో వైపు ఒక సన్న గీత ఉంది కానీ సూది ఎగరట్లేదు. ఒక్క మాట, జే లాగా చేత్తో తిప్పి చూద్దామని మాత్రం బెల్ట్ డ్రైవ్ మీద ప్రయత్నించకండి, బెల్ట్ సాగిపోతుంది, దానికి మోటారే నేరుగా ప్లేట్‌ని తిప్పే టెక్నిక్స్ లాంటి డైరెక్ట్ డ్రైవ్ ఉండాలి, ప్లేట్ కింద జారే స్లిప్‌మ్యాట్ ఉండాలి. పార్టీల్లో కుర్రాళ్ళు ఎందుకంత బరువైన మెషిన్లు మోసుకు తిరిగేవాళ్ళో అప్పుడు అర్థమవుతుంది.

ఈ ఆల్బమ్ వచ్చిన ఐదేళ్ళకే అడక్కుండా రికార్డు ముక్కలు వాడుకునే ఈ స్వేచ్ఛ పోయింది. 1991లో బిజ్ మార్కీ అనే రాపర్ మీద సాంప్లింగ్ కేసులో న్యూయార్క్ జడ్జి దొంగతనం చేయరాదు అనే బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు, ఆ తర్వాత ప్రతి ముక్కకీ ముందే పర్మిషన్, డబ్బు. 2005లో ఇంకో కోర్టు ఫంకాడెలిక్ అనే ఫంక్ బ్యాండ్ గిటార్ రెండు సెకన్ల ముక్కకి కూడా లైసెన్సు కావాల్సిందే అంది. డి లా సోల్ అనే రాప్ గ్రూప్ వాళ్ళ పాత ఆల్బమ్‌లు ఈ సాంప్లింగ్ హక్కుల చిక్కుల్లో పడి స్ట్రీమింగ్‌లోకి రావడానికి 2023 దాకా పట్టింది. చిన్నవాళ్ళు చెయ్యలేని పని అయిపోయింది ఇది, డబ్బున్న వాళ్ళకే మిగిలింది. వాళ్ళు చేసినవి కూడా బాగున్నాయి, కాదనను, రాపర్ ఎమినెం 2002 ఆల్బమ్‌లో ఎయిరోస్మిత్ డ్రీమ్ ఆన్ మీద కట్టిన పాటకి పెర్రీ వచ్చి కొత్తగా సోలో వాయించాడు, జే-జీ అనే ఇంకో రాపర్ (మన జామ్ మాస్టర్ జే కాదు) పాట 99 ప్రాబ్లమ్స్‌కి రూబిన్ మళ్ళీ ఆ బిల్లీ స్క్వయర్ డ్రమ్మే తవ్వి తీశాడు, కాన్యే వెస్ట్ పవర్ పాటలో కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బ్యాండ్ 1969 నాటి అరుపు వాడుకున్నాడు. కానీ లేబుల్ పీకేసిన రికార్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు పేరు కూడా తెలియని పాటని తమది చేసుకున్న ఆ ధైర్యం మళ్ళీ రాదనిపిస్తుంది. జామ్ మాస్టర్ జేని 2002 అక్టోబర్ 30న క్వీన్స్‌లోనే తన స్టూడియోలో కాల్చి చంపేశారు, ఆ మనిషి చేతులు ఈ ప్లేట్ మీద ఇంకా తిరుగుతున్నాయి, పీటర్ పైపర్ వింటున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

రేటింగ్ అంటే మొదటి వైపుకి ఐదుకి ఐదు, రెండో వైపుకి మూడున్నర. 25 డాలర్ల లోపు మంచి కాపీ కనపడితే ఆలోచించకండి.

బావ ఏమన్నాడని అడుగుతారేమో. ఆ రోజు భోజనాలయ్యాక తన టాయ్స్ ఇన్ ది ఆటిక్ ప్లేట్ తెచ్చి నాలుగో పాట పెట్టాడు. రెండు బార్లు అవ్వగానే గిటార్ వచ్చింది, ఆయనే సూది ఎత్తి మళ్ళీ మొదట పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు, నాలుగైదు సార్లు. "ఇలా ఎత్తుతుంటే మధ్యలో గ్యాప్ వస్తుందిరా, దరువు తెగిపోతోంది, వాడెలా కలిపేవాడు?" అన్నాడు. రెండు కాపీలు ఉండాలి బావా, రెండు మెషిన్లు కూడా ఉండాలి అన్నా. నిన్న ఫోన్ చేశాడు, ఆ షాపులో టాయ్స్ ఇన్ ది ఆటిక్ ఇంకో కాపీ ఉందట, 18 డాలర్లట, శనివారం తీసుకెళ్ళమంటున్నాడు.